ఇది ఆటలో తగిలిన దెబ్బ కాదట!

కిందటి వారం మెంగ్ ఇన్హేని మనం ఆమె గదిలో వదిలి వచ్చాం. ఆమె ముందు బల్ల, బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన మూత తీసి పెట్టిన పెన్ను. ఆ మూత తీసింది ఆమె కాదు. హేజిన్ నగర క్రీడా సమాఖ్య డైరెక్టరు మోక్ తీసి, "మీరు సంతకం పెట్టడమే తరువాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాగితంలో నాలుగే వాక్యాలు. ఓక్ గ్యురి అనే ఇరవై మూడేళ్ళ యువతి ఎడమ మణికట్టుకి అయిన గాయం, వినోదం కోసం వీడియో గేములు అతిగా ఆడడం వల్ల వచ్చిందనీ, అది క్రీడలో తగిలిన దెబ్బ కాదనీ వాటి సారాంశం. కింద ఇన్హే పేరు, హోదా, ఒక ఖాళీ గీత.

తెల్లారింది. తొమ్మిదింబావు అయింది. గీత ఇంకా ఖాళీగానే ఉంది.

పదింటికి సర్వసభ్య సమావేశం. వీడియో గేముల పోటీలని సమాఖ్యలో ఉంచాలా, పేరు కొట్టెయ్యాలా అన్నది ఈ పూట ఓటుతో తేలుతుంది. నలభై రెండు ఆటల ప్రతినిధులూ అప్పుడే ఒక్కొక్కరుగా మెట్లెక్కుతున్నారు. పంతొమ్మిదేళ్ళుగా ఈ భవనంలో ఆటగాళ్ళ ఒళ్ళు బాగుచేస్తున్న ఇన్హేకి వాళ్ళ అడుగుల చప్పుడు వింటేనే ఎవరెవరో తెలిసిపోతుంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వెళ్ళింది మారథాన్ ప్రతినిధి. ఒక్కో మెట్టూ అదిరేలా ఎక్కినవాడు కుస్తీ ప్రతినిధి.

ఫోను మోగింది. గేటు దగ్గర కాపలా పెద్దాయన.

"మెంగ్ గారూ, ఒక్కసారి కిందికి రాగలరా? ఆ అమ్మాయి వచ్చింది. కార్డు పెడితే గేటు తెరుచుకోవట్లేదు. నన్ను తెరవమంటోంది. నాకేమో పొద్దున్నే కాగితం ఇచ్చారు, లోపలికి రానివ్వద్దని."

ఇన్హే కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు మొరాయిస్తుంది. అయినా ఆ రోజు గబగబా దిగింది.

గేటు బయట గ్యురి నిలబడి ఉంది. పొట్టి మనిషి. ఎడమ చేతికి వేళ్ళ దగ్గర్నుంచి మోచేతి కిందిదాకా గట్టి పట్టీ. మొహానికి మాస్కు. ఎడారి గాలి మోసుకొచ్చే పసుపు దుమ్ము ఊరంతా కమ్మిన రోజులవి, మాస్కు లేనివాడు లేడు. ఆమె నెత్తి మీద, నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా వేలాడుతూ పెద్ద బ్యానరు. అందులో నవ్వుతూ, పతకం కొరుకుతూ అదే గ్యురి. 'హేజిన్ గర్వం! హేజిన్ బంగారం!' అని మనిషెత్తు అక్షరాలు.

"పెద్దాయనా, పైన ఉన్నది ఎవరు?" అంది ఇన్హే.

"చూస్తే తెలీట్లేదామ్మా? ఈ అమ్మాయే." ఆయన టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఏం చెయ్యను చెప్పండి. గేటుకి మొహాలు తెలీవు. కార్డులే తెలుసు. మొన్న శుక్రవారం ఈమె కార్డు తీసేశారు."

"బ్యానరు తియ్యలేదా?"

"దానికి క్రేను కావాలట."

గ్యురి పకాలున నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కలిసి ఉందని ఇన్హేకి తెలుసు. ఇన్హేకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. పతకం వచ్చిన రోజున ఈ మెట్ల మీదే ఈ పిల్లని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇప్పుడు మెట్టు తొక్కనివ్వరట!

"సందర్శకుల పుస్తకం ఇవ్వండి. నా అతిథిగా వస్తుంది" అంది ఇన్హే.

పెద్దాయన చటుక్కున పుస్తకం ముందుకి తోశాడు. ఆయనకీ అదే కావాలి. గ్యురి కుడి చేత్తో పేరు రాసింది. 'వచ్చిన పని' అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, 'నా బొమ్మ చూసుకోడానికి' అని రాసింది.

"ఒసే, వెటకారాలు చాలుగానీ పద" అంది ఇన్హే.

"అక్కా, మీరు సంతకం పెట్టేశారా?"

ఇన్హే మెట్ల వైపు నడిచింది. పెట్టాలో వద్దో నిజానికి ఆమెకే తెలీదు. సంతకం పెట్టకపోతే తన ఉద్యోగం కూడా ఆ కార్డులాగే ఒక శుక్రవారం మధ్యాహ్నం పనిచెయ్యడం మానేస్తుంది. నలభై ఆరేళ్ళ వయసులో, ఈ మోకాలితో, ఇంకో చోట ఎవరు పిలుస్తారు?

రెండో అంతస్తు హాల్లో బల్లలు గుర్రపు నాడాలా వేశారు. ఒక్కొక్కరి ముందు పేరు పలక, కాగితపు గ్లాసులో బార్లీ టీ, చిన్న పళ్ళెంలో వాల్‌నట్ బిళ్ళలు. నడుమ కుర్చీలో అధ్యక్షురాలు తాక్ హీసన్. ఒకప్పుడు ఊరి హ్యాండ్‌బాల్ జట్టు కెప్టెన్. ఇన్హే అదే జట్టులో ఆడింది. ఇన్హేకి ఆమె అప్పుడూ ఇప్పుడూ అక్కే. మోకాలు పోయి ఆట మానేసి, ఏం చెయ్యాలో తోచక ఇంట్లో పడి ఉన్నప్పుడు వచ్చి, "లే, చదువుకో. ఫిజియోథెరపీ చదువు. ఫీజుల సంగతి నేను చూస్తా" అన్న మనిషి. ఆ మాట మీదే ఇన్హే లేచింది.

హీసన్ పక్కన మోక్ కూర్చున్నాడు. ఒకప్పటి కుస్తీ ఆటగాడు. చెవులు రెండూ మడతపెట్టిన రొట్టెల్లా ఉంటాయి. ఇన్హే లోపలికి రాగానే తల కొంచెం పక్కకి వంచి చూశాడు. సంతకం పెట్టావా అని ఆ చూపు అర్థం. ఇన్హే ఎటో చూసి, గ్యురిని వెనక గోడవారగా కూర్చోబెట్టి, తను సాక్షుల కుర్చీలో కూర్చుంది.

చర్చ మొదలైంది. మొదట మారథాన్ ప్రతినిధి లేచాడు. చీపురుపుల్లలాంటి మనిషి, గొంతు మాత్రం డోలు.

"నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తమనండి, అప్పుడు మాట్లాడదాం. కుర్చీలో కూర్చుని మీటలు నొక్కితే క్రీడాకారులైపోతారా? మా ఆవిడ పొద్దస్తమానం టీవీ రిమోట్ నొక్కుతుంది. రేపు ఆవిడకీ ట్రాక్ సూట్ కుట్టిస్తారా?"

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గాక షూటింగ్ ప్రతినిధి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావిడ, కూర్చున్నచోట నుంచే అంది: "చెమట పడితేనే క్రీడ అంటే నా సంగతీ తేల్చెయ్యండి బాబూ. మాకు చెమట పడితే గురి తప్పుతుంది. ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడడమే మా ఆట. మీ లెక్కలో నేను కరెంటు స్తంభాన్ని అన్నమాట."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. మారథాన్ మనిషి కూడా నవ్వాడు.

తర్వాత లేచిన ఈత ప్రతినిధి నవ్వించలేదు. "నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. కానీ ఒకటి చెప్పండి. ఈతకి యజమాని ఎవరు? నీళ్ళున్న చోటల్లా ఈత ఉంది. ఈ ఆట ఒక కంపెనీ సొత్తు. రేపు వాళ్ళు నియమాలు మారుస్తామంటే మారతాయి. దుకాణం కట్టేస్తామంటే ఆటే ఉండదు. ఒక వ్యాపారి తాళం చెవి తిప్పితే ఆరిపోయేదాన్ని క్రీడ అని ఎలా అనమంటారు?"

ఆ మాటకి చాలామంది తలలు ఊపారు. ఆ మాట అన్నావిడ నిజంగా ఆలోచించి అంది.

అప్పుడు ఒక చేతికర్ర నేల మీద రెండుసార్లు తట్టింది. బదుక్ ప్రతినిధి నమ్‌గుంగ్. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పెట్టి ఆడే ఆ ఆటలో ఒకప్పుడు పెద్ద పేరు. తర్వాత చాలా ఏళ్ళు ఈ సమాఖ్యని నడిపించినవాడు. ఆయన నోరు తెరిస్తే మోక్ కూడా వెన్ను నిటారుగా పెట్టుకుని వింటాడు.

"ఏడేళ్ళ వయసు నుంచీ నేను కూర్చునే ఆడుతున్నాను" అన్నాడు పెద్దాయన తాపీగా. "కూర్చోడంలో నన్ను మించినవాడు ఈ ఊళ్ళో లేడు. మా ఆటని చేర్చుకునే రోజున కూడా ఇదే గదిలో ఇవే మాటలు విన్నాను. పార్కులో ముసలాళ్ళు పొద్దుపుచ్చుకునేది క్రీడేమిటి అన్నారు. ఒకాయనైతే, వీళ్ళకి పోటీల్లో తగిలే దెబ్బ మూలశంకే కదా అన్నాడు. ఆయన పోయాడు, మేం ఉన్నాం. ఆ పిల్లని బయటికి పంపదలుచుకుంటే పంపండి. తలుపు మాత్రం అప్పుడే వెయ్యకండి. వెనకాలే నేనూ వస్తాను, నాకు నడక నెమ్మది."

చప్పట్లు మోగాయి. గోడవార గ్యురి తల వంచి నమస్కరించింది. పెద్దాయన చిరునవ్వుతో చెయ్యి ఊపాడు. ఓట్లు సగం సగం చీలేట్టున్నాయని మోక్‌కి అర్థమైంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"భావాలు సరే. ఇక సాక్ష్యం చూద్దాం. మా చికిత్సాలయం పెద్ద మెంగ్ ఇన్హే గారు ఆ గాయాన్ని స్వయంగా పరీక్షించారు. అది క్రీడలో తగిలిన గాయం కాదని రాసిచ్చారు. మెంగ్ గారూ, ఆ కాగితం చదివి వినిపించండి."

ఇన్హే లేచింది. కాగితం చేతిలో ఉంది. మనసులో ఒకవైపు ఇంటి అద్దె, మోకాలు, నలభై ఆరేళ్ళు. ఇంకోవైపు, చూడకపోయినా కనిపిస్తున్న ఆ పట్టీ కట్టిన చెయ్యి.

"ఇందులో నా సంతకం లేదు" అంది. "పెట్టను కూడా."

హాల్లో గుసగుస బయల్దేరింది. మోక్ నవ్వు మొహం చెదరలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఆట క్రీడ అవునో కాదో నాకు తెలీదు" అంది ఇన్హే. "ఈతావిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసింది ఒళ్ళు. మారథాన్ గారూ, మీ ఎడమ మడమ నాకు తెలుసు. కుస్తీ గారూ, మీ మెడలో నాలుగో ఎముక దగ్గర ఎందుకు నొప్పి వస్తుందో మీకన్నా నాకే ఎక్కువ తెలుసు. అలాగే ఈ అమ్మాయి మణికట్టూ తెలుసు. చిటికెన వేలి వైపు కీలు లోపల ఉండే మెత్తటి పొర నిలువునా చిరిగింది. రోజుకి పది గంటలు, ఏడేళ్ళు గేము ఆడే జాయ్ స్టిక్ తిప్పితే అరిగింది. టెన్నిస్ వాళ్ళకీ, జిమ్నాస్టిక్స్ పిల్లలకీ చిరిగేది అదే పొర. ఒంటికి మీ సభ్యత్వ పుస్తకం తెలీదు. చిరగాల్సిన చోట చిరుగుతుంది."

"అరిగింది అని మీరే అంటున్నారుగా" అన్నాడు మోక్. "అతిగా ఆడడం వల్ల. అదేగా మేం రాసింది."

"అరిగింది ఏడేళ్ళలో. చిరిగింది ఒక్క పూటలో." ఇన్హే అతని వైపు తిరిగింది. "అక్టోబరులో నగరాల క్రీడోత్సవం. ఫైనలుకి రెండు రోజుల ముందు నేను మీకు రాసిచ్చాను. ఈ చేత్తో ఆడితే పూర్తిగా చిరిగిపోతుంది, ఆడనివ్వద్దు అని. ఆ కాగితం ఏమైంది డైరెక్టరు గారూ? ఫైనలు రోజు రెండు గంటల తేడాలో రెండు మత్తు సూదులు వేయించారు ఆ మణికట్టుకి. వేయించింది ఎవరు?"

హీసన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఈ సంగతి ఆమెకి కూడా కొత్తే.

"ఇంకా వినండి" అంది ఇన్హే. ఇక ఆగేట్టు లేదు. "జనవరిలో ఈ అమ్మాయి ఫిర్యాదు పెట్టింది. మన నియమాల ప్రకారం గాయపడ్డ క్రీడాకారులకి మత్తు ఇచ్చి ఆడిస్తే విచారణ జరపాలి. అవునా? క్రీడాకారులకి! ఈ పూట ఆమె ఆట క్రీడ కాదని మీరు చెయ్యెత్తారనుకోండి, ఆమె క్రీడాకారిణి కాదు. ఫిర్యాదు ఉండదు, విచారణా ఉండదు. ఈ సమావేశం ఇంత హడావిడిగా ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా? ఇది చెమట గురించి కాదు. సూది గురించి!"

హాలు ఒక్కసారి భగ్గుమంది. "నిజమేనా ఇది?" అని షూటింగ్ ఆవిడ. "మాకెందుకు చెప్పలేదు?" అని ఇంకెవరో. మారథాన్ ప్రతినిధి నోట్లో పెట్టుకోబోయిన వాల్‌నట్ బిళ్ళ అలాగే చేతిలో ఉండిపోయింది.

మోక్ రెండు చేతులూ ఎత్తాడు. "ఆగండి, ఆగండి. బలవంతం ఎవరూ చెయ్యలేదు. ఆ అమ్మాయి ఒప్పుకునే వేయించుకుంది. ఇక్కడే ఉందిగా, అడగండి."

నలభై తలలు గోడ వైపు తిరిగాయి. గ్యురి మాస్కు కిందికి లాగి లేచి నిలబడింది. వేల మంది ముందు తెర మీద పోరాడిన పిల్ల, మాట్లాడడానికి మాత్రం గోడకి వీపు ఆనించుకుంది.

"ఒప్పుకున్నాను" అంది. "ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఎందుకు ఒప్పుకున్నానో చెప్తాను. ఆయన నా గదికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని అన్నారు, 'నీ ఒక్క పతకంతో మన ఊరు మూడో స్థానానికి వస్తుంది. నువ్విప్పుడు క్రీడాకారిణివి గ్యురీ. క్రీడాకారులు నొప్పి ఓర్చుకుంటారు' అని. నన్ను ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. మా నాన్న కూడా అనలేదు. ఇంట్లో నేను గదిలో కూర్చుని ఆడుకునేదాన్ని, అంతే. ఆ ఒక్క మాటకి పొంగిపోయి చెయ్యి చాపాను." ఆమె పట్టీ కట్టిన చేతిని పైకెత్తింది. "అప్పుడు క్రీడాకారిణిని. ఇప్పుడు కాదట. మధ్యలో ఏం మారింది సార్? ఆట మారిందా? నా చెయ్యి తప్ప ఏం మారింది?"

ఆమె కూర్చుంది. ఈత ప్రతినిధి కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. కుస్తీ ప్రతినిధి తన సొంత సంఘం మనిషైన మోక్ వైపు చూడకుండా గ్లాసులోకి చూస్తున్నాడు. ఆ క్షణంలో ఓటు పెట్టి ఉంటే కథ అక్కడే తేలిపోయేది.

కానీ మోక్ కుస్తీ మనిషి. కింద పడ్డవాడు ఏ కాలు పట్టుకోవాలో అతనికి బాగా తెలుసు.

"గుండెలు కరిగించే మాటలు" అన్నాడు నెమ్మదిగా, సంచిలోంచి పాత అట్ట ఫైలు ఒకటి తీస్తూ. "ఇక నిజం మాట్లాడుకుందాం. మెంగ్ గారు గాయాల గురించి నిజమే చెప్తారని మనం నమ్మాలి కదా? ఇది ఇరవై నాలుగేళ్ళ కిందటి కాగితం. మన రికార్డుల గదిలో దొరికింది. రాసినది హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి మెంగ్ ఇన్హే, వయసు ఇరవై రెండు. చదువుతాను. 'నా కుడి మోకాలికి అయిన గాయం ఆటలో తగిలినది కాదు. స్నానశాలలో కాలు జారి పడ్డాను. జట్టుకి గానీ, సమాఖ్యకి గానీ దీనితో సంబంధం లేదు.' కింద ఆవిడ సంతకం."

కాగితం బల్ల మీదుగా ఇన్హే ముందుకి జరిగి వచ్చింది.

"మెంగ్ గారూ" అన్నాడు మోక్. "ఇది నిజమైతే మీరు ఆటలో గాయపడ్డ మనిషే కాదు. గాయాల గురించి మాకు పాఠాలు చెప్పే అర్హత మీకెక్కడిది? అబద్ధమైతే, సంతకం పెట్టి అబద్ధం చెప్పే మనిషి మీరు. అప్పుడు మీ మాట మేమెందుకు నమ్మాలి? రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

ఇన్హే ఆ కాగితాన్ని ఇరవై నాలుగేళ్ళుగా చూడలేదు. తన చేతిరాత ఎంత గుండ్రంగా ఉండేదో! ఆసుపత్రి మంచం, సగం మత్తు, కాళ్ళ దగ్గర మొహాలు ఆనని ఎవరెవరో నిలబడి ఉండడం గుర్తొచ్చాయి. ఫైనలుకి ముందు మోకాలికి సూది. రెండో సగంలో ఎగిరి దిగేసరికి టప్‌మని చప్పుడు. ఆ చప్పుడు గ్యాలరీ పై వరసల దాకా వినిపించిందని తర్వాత ఎవరో చెప్పారు. ఆటలో తగిలింది అంటే సూది సంగతి బయటపడుతుంది, జట్టునే రద్దు చేస్తారు, నీ వల్ల పదిహేను మంది అమ్మాయిల అన్నం పోతుంది, సంతకం పెట్టు అన్నారు. పెట్టింది.

"అబద్ధం" అంది ఇన్హే.

గ్యురి ఉలిక్కిపడి చూసింది.

"అవును, అబద్ధమే రాశాను. ఆ రోజు నేను స్నానశాల మొహమే చూడలేదు. నా చేతా రాయించారు, ఇప్పుడు ఈ పిల్ల గురించి నా చేత రాయించాలని చూసినట్టే. అప్పుడు మేం నిఖార్సైన క్రీడాకారులం డైరెక్టరు గారూ! ఒలింపిక్స్‌లో ఉన్న ఆట మాది. చెమటలు కారి బట్టలు పిండుకునేవాళ్ళం. అయినా మా దెబ్బ కూడా దెబ్బ కాదన్నారు. మీకు దెబ్బ వద్దు, పతకమే కావాలి. ఎవరి ఆటైనా మీకొక్కటే. ఒక్కసారి అబద్ధం రాసి ఇరవై నాలుగేళ్ళు కుంటుతున్నాను. అందుకే రెండోసారి రాయను. ఇంతకన్నా అర్హత ఇంకేం కావాలి?"

ఎవరో బల్ల మీద చేత్తో చరిచారు. ఇంకొకరు. ఆ తర్వాత హాలంతా బల్లలు మోగాయి. గెలిచాననుకుంది ఇన్హే.

మోక్ మాత్రం నవ్వుతున్నాడు. చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

"అలాగే. రాయించారు అన్నారు. అయితే కింద సాక్షి పేరు కూడా ఉంది. అది నేను పైకి చదవలేదు. మీరే చదవండి. ఆ రోజు పక్కన నిలబడి మీ చేత అబద్ధం రాయించినవాళ్ళెవరో సభ్యులు తెలుసుకోవద్దా?"

ఇన్హే చూపు కాగితం చివరికి దిగింది. తను సంతకం పెట్టినప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. అది మాత్రం స్పష్టంగా గుర్తుంది. ఇప్పుడక్కడ నీలి సిరాతో ఒక సంతకం. ఏ చేతిదో పోల్చుకోడానికి ఆమెకి పేరు చదవక్కర్లేదు. తన కాలేజీ ఫీజు రసీదుల మీద, పెళ్ళి శుభాకాంక్షల కార్డు మీద, ఈ ఉద్యోగం ఉత్తర్వు మీద చూసిన సంతకమే అది.

తాక్ హీసన్.

హాలు కరిగి నీళ్ళయి కదులుతున్నట్టు అనిపించింది ఇన్హేకి. తల ఎత్తింది. నడుమ కుర్చీలో హీసన్ మొహం తెల్లకాగితంలా పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం పక్కకి తిప్పుకోలేదు.

ఇప్పుడు అర్థమైంది మోక్ పట్టు. పేరు చదివితే, గ్యురి ఫిర్యాదు మీద విచారణ వెయ్యగల ఒకే ఒక మనిషి ఈ గదిలోనే కూలిపోతుంది. చదవకపోతే, చూశారా, ఇవాళ కూడా దాచిపెడుతోంది అని అతను నవ్వుతాడు. ఆ ఫైలు అతనికి ఈ రోజే దొరికి ఉండదు. ఎన్నేళ్ళుగా దాచుకున్నాడో!

"చదవండి మెంగ్ గారూ" అన్నాడు మోక్ తియ్యగా. "నిజం చెప్తాననే కదా లేచారు?"

లే, చదువుకో అన్న గొంతు ఇన్హే చెవుల్లో మోగుతోంది. ఆ గొంతు మీద కోపం రావాలి. వస్తోంది కూడా. ఇరవై నాలుగేళ్ళ మంచితనమంతా ఒక్క సంతకానికి చెల్లించిన వడ్డీయా అక్కా? అని గొంతు చించుకుని అడగాలనిపిస్తోంది. కానీ అడిగితే పడిపోయేది గ్యురి.

"చదువు ఇన్హే."

ఆ మాట అన్నది హీసనే. హీసన్ కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఇన్హే వేళ్ళ మధ్య నుంచి కాగితం మెల్లగా తీసుకుంది.

"సాక్షి, తాక్ హీసన్" అని గట్టిగా చదివింది. "నేనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. జట్టు కెప్టెన్ని. మంచం మీద ఉన్న మా పిల్ల చేత అబద్ధం రాయించి, కింద నేను సంతకం పెట్టాను. ఈ మాట దీనికి చెప్పలేక ఇన్నేళ్ళూ ఏవేవో చేస్తూ వచ్చాను."

మోక్ ఇది ఊహించలేదు. నవ్వు సగంలో గడ్డకట్టింది.

"అయితే డైరెక్టరు గారూ, మీ ఫైల్లో లేనిది ఇంకొకటి ఉంది" అంది హీసన్, అతని వైపు చూడకుండానే. "ఆ మాటలు నావి కావు. స్నానశాల అన్న మాట నాకు తట్టనే లేదు. ఒకాయన పక్కన నిలబడి ఒక్కో వాక్యం చెప్తుంటే ఇన్హే రాసింది. ఆయన వెళ్ళేటప్పుడు నాతో, 'ఒక మోకాలి కోసం ఆటనంతటినీ పణం పెట్టకూడదు తల్లీ' అన్నారు. ఆయన ఇవాళ ఈ గదిలోనే ఉన్నారు."

అందరి కళ్ళూ మోక్ మీదకే వెళ్ళాయి. మోక్ బిత్తరపోయి తల అడ్డంగా ఊపాడు. "నేనా? నేనప్పటికింకా కుస్తీ ఆడుతున్నాను! నాకేం తెలుసు?"

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. రెండు చేతులూ కర్ర మీద ఊని, ఎవరి సాయమూ అందుకోకుండా, బదుక్ ప్రతినిధి నమ్‌గుంగ్ పెద్దాయన లేచి నిలబడ్డాడు.